ఎదురుకోలులో ఏడో నంబరు

మా మావయ్యది అంబాజీపేట దగ్గర సౌండ్ సర్వీసు. నాలుగు బేస్ బాక్సులు, రెండు టాపులు, ఒక జెనరేటరు, వీటన్నిటినీ మోసే ఒక వ్యాను. అసలు ఆస్తంతా వేలిగోరంత మెమరీ కార్డులో ఉంటుంది: నాలుగొందల పాటలు, అన్నీ 128 కేబీపీఎస్ ఎంపీత్రీలు.

శ్రావణమాసం ముహూర్తాలకి నేను హైదరాబాదు నుంచి దిగాను. ఒక్కణ్ణే దిగినా బాగుండేది, కొత్తగా అబ్బిన జ్ఞానంతో దిగాను.

"మావయ్యా, సీడీలో పాటంటే సెకనుకి 1,411 కిలోబిట్లు. నీ దగ్గరున్నది 128. అంటే పదకొండో వంతు. మిగతాదంతా ఏమైనట్టు?"

"ఏమైందేంట్రా?"

"చెవికి పెద్దగా తెలీదులే అని ఎంపీత్రీ కోసి పారేసింది. ఫ్లాక్ అని ఇంకో రకం ఫైలుంది, అది అలా కాదు. పట్టుచీర మడతపెట్టి పెట్టెలో పెట్టడం ఫ్లాక్. విప్పితే ఒక్క పోగు పోదు. పెట్టె చిన్నదని కొంగు కత్తిరించి పెట్టడం ఎంపీత్రీ."

మావయ్య బీడీ ఆర్పాడు. "పదేళ్ల బట్టీ ఊరేగిస్తున్నాను. కొంగు లేదని ఒక్కడూ అన్లేదే!"

నేను వినే స్థితిలో లేను. రాత్రికి రాత్రి కార్డులో పాటలన్నిటినీ లాప్‌టాప్‌లో ఫ్లాక్‌లోకి మార్చేశాను. ఐదు ఎంబీల పాట ముప్పై దాకా ఉబ్బింది. వాపంతా బలుపనుకున్నాను.

గోదారి నీళ్లు తాగినవాడు చెయ్యకూడని తప్పది. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస. ఎర్రనీళ్లొచ్చాక గోదాట్లో ఎదురీదితే పులస. ఒడిశా ఇలసని ఐసులో తెచ్చి పులసని చెప్పి అంటగట్టడం ఇక్కడ పసిపిల్లాడికీ తెలిసిన మోసం. నేను చేసిందీ అదే. 128లో ఒకసారి కోసేసిన ముక్క ఫ్లాక్ బట్టలు తొడిగితే తిరిగిరాదు. ఇలసకైనా ఎదురీదే యోగముంది, ఎంపీత్రీకి అదీ లేదు. (మంచి సీడీ నుంచి 320 కేబీపీఎస్ ఎంపీత్రీలో తీసుకుని ఊరుకుంటే సరిపోయేది. జెనరేటరు పక్కన నిలబడి 320కీ ఫ్లాక్‌కీ తేడా చెప్పినవాణ్ణి నేనింకా చూడలేదు. చెబుతామనేవాళ్లని చూశాను, అద్దంలో.)

పెళ్లిరోజు మధ్యాహ్నం పెన్‌డ్రైవ్ గుచ్చితే వ్యానులో ప్లేయరు నోరు మెదపలేదు. పాతకాలం మనిషి, ఫ్లాక్ పేరే వినలేదు. వేవ్ అయితే, అంటే మడతే పెట్టని ఫైలైతే, చదువుతుంది. సరే, కొబ్బరిచెట్టు కింద కూర్చుని అన్నిటినీ మళ్లీ వేవ్‌లోకి మార్చాను. ఇప్పుడు పాట యాభై ఎంబీలు, మొత్తం ఇరవై జీబీలు. పెన్‌డ్రైవ్ వేడికి పెనం అయింది. మార్చేటప్పుడు పాటల పేర్లు రాలిపోయాయి. తెరమీద 1, 2, 3 అని నేను వేసిన నంబర్లే మిగిలాయి. పొద్దున రాసుకున్న చీటీ జేబులో ఉంది కదా అని ధైర్యం. అందులో ఏడో నంబరు ఎదురుకోలు సన్నాయి.

వేవ్ ఫోల్డర్లో నాకంటే ముందే ఒక ఫైలు కూర్చుని ఉందని, నంబర్లు వేసేటప్పుడు అదీ వరసలోకి దూరిందని ఆ చీటీకేం తెలుసు?

సాయంత్రం పెళ్లికొడుకు కారు దిగాడు. బాసికం, కళ్లజోడు, చెమట. పెళ్లికూతురి నాన్నగారు పన్నీరు చల్లుతూ నావైపు తలూపారు. ఏడు నొక్కాను.

"రండమ్మా రండి!" అంది మావయ్య గొంతు, నాలుగు బేస్ బాక్సుల్లోంచి. "ఇప్పుడే వలలోంచి దిగింది! కళ్లు చూడండి! మొప్పలెత్తి చూడండి! బేరం లేదమ్మా, ఆలస్యం చేస్తే ఇంకోళ్లు ఎత్తుకుపోతారు!"

కిందటేడు ఓ చేపలాయన ఆటో కోసం మావయ్య చేతి రికార్డరులో చెప్పిన ప్రకటన. ఆపుదామని మీట నొక్కాను. కంగారులో తగిలింది మళ్లీ మొదటికొచ్చే మీట.

"రండమ్మా రండి!"

పెళ్లికొడుకు అసంకల్పితంగా కళ్లజోడు సర్దుకున్నాడు. సన్నాయివాళ్లు సన్నాయి మానేసి నవ్వుతున్నారు. పన్నీరుబుడ్డి పట్టుకున్నాయన అలాగే ఉండిపోయారు. ఆడపెళ్లివారి వైపు నుంచి ఓ మామ్మగారు ముందుకొచ్చి, చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని, పెళ్లికొడుకుని కిందనుంచి పైదాకా చూసి అడిగారు:

"బానే ఉంది గానీ, పులసేనా? ఇలసా?"

ఎదురుకోలు కాస్తా నవ్వుల్లో కొట్టుకుపోయింది. ఆయ్, పెళ్లికొడుకు మంచోడండి, ఆయనే ముందు నవ్వాడు. లేకపోతే నేనీపాటికి కౌశిక కాలవలో ఉండేవాణ్ణి.

రాత్రి ఇంటికొచ్చి ఫైళ్లన్నిటినీ లాప్‌టాప్‌లో గీతలుగా పరిచి చూశాను. పాటలన్నీ పదహారు వేల హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా కీచు శబ్దాలుండే చోట, కత్తిపీటతో తరిగినట్టు ఆగిపోయాయి. ఒక్క ఏడో నంబరు మాత్రం పైదాకా నిండుగా ఉంది. నేరుగా వేవ్‌లో రికార్డయింది కదా, ఒక్క పోగు పోలేదు. చెవి పెట్టి వింటే వెనకాల అత్తయ్య చేప పొలుసు గీకుతున్న చప్పుడు కూడా.

"చూశావా మావయ్యా, మొత్తం కార్డులో అసలుసిసలు లాస్‌లెస్ ఇదొక్కటే!"

మావయ్య మాట్లాడలేదు. ఆ వారంలో ఆయనకి ఫోన్లో రెండు బేరాలు తగిలాయి. రెండూ చేపల ఆటోలవే.