పన్ను కాని పన్ను

అప్పటి ప్రధాని, లేబర్ పార్టీ నేత జూలియా గిలార్డ్ మాట తప్పడం వల్లే ఆస్ట్రేలియాలో కార్బన్ పన్ను (కర్బన ఉద్గారాలు వదిలే కంపెనీలపై వేసేది) మునిగిందని మీ వ్యాసంలో తేల్చేశారు. సగమే నిజం. 2010 ఎన్నికల ముందు ఆ పన్ను ఉండదని ఆమె చెప్పిన మాట వాస్తవమే. మరి ప్రతిపక్ష లిబరల్ పార్టీకి చెందిన టోనీ అబాట్ సంగతో? కార్బన్‌కు ధర పెట్టాలంటే నేరుగా పన్ను వేస్తే పోలా అని 2009 జులైలో అన్నది ఆయనే కదా! అదే ఏడాది చివర్లో ప్రతిపక్ష నేత అయ్యారు. ఇక తర్వాత అదే పన్నుతో దక్షిణ ఆస్ట్రేలియాలోని ఉక్కు పట్టణం వయాలా మ్యాప్‌లోంచే చెరిగిపోతుందని ఊరూరా తిరిగి చెప్పారు. అబాట్ మిత్రపక్షమైన నేషనల్స్ పార్టీ నేత బార్నబీ జాయిస్ అయితే మటన్ రోస్ట్ వంద డాలర్లు అవుతుందని బెదరగొట్టారు. 2012 జులైలో టన్ను ఉద్గారాలకు 23 డాలర్లతో అది అమల్లోకి వచ్చింది. వయాలా ఎక్కడికీ పోలేదు, మటనూ దొరుకుతూనే ఉంది.

వాళ్లను గట్టిగా నిలదీసిన పేపర్లెన్ని? 2013 ఎన్నికల ప్రచారం మొదలవగానే మీడియా అధిపతి మర్డోక్ వారి సిడ్నీ పత్రిక డైలీ టెలిగ్రాఫ్, లేబర్ ముఠాను తరిమేయండని మొదటి పేజీ నిండా వేసింది. అది వార్తా, కరపత్రమా? 2014లో పన్ను రద్దయింది. 2017లో అబాట్ మాజీ చీఫ్ ఆఫ్ స్టాఫ్ పెటా క్రెడ్లిన్, అసలది కార్బన్ పన్నే కాదు, మేమే దాన్ని కార్బన్ పన్నుగా చేశాం అని టీవీలో చల్లగా ఒప్పుకున్నారు. అప్పటికి ఆవిడ స్కై న్యూస్‌లో రాజకీయ వ్యాఖ్యాత!