ఆ ఫోటో చూసి నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం దసరా సంబరాలకు వచ్చిన వారికి ఆ ఘట్టం గుర్తుండే ఉంటుంది. పిల్లల కూచిపూడికీ భోజనాలకూ మధ్య, ఎప్పటిలాగే ముప్పావు గంట ఆలస్యంగా, స్పాన్సర్ల సన్మానం మొదలైంది. శాలువా, జ్ఞాపిక, ఫోటో, తర్వాతి వారు. ప్లాటినం స్పాన్సరైన ట్రక్కు కంపెనీ యజమాని చేతికి మాత్రం మైకు ఇచ్చారు. ఆయన మంచి మాటకారి. పన్నెండు ట్రక్కుల దాకా ఎలా ఎదిగారో చెబుతూ చెబుతూ వెనక తెర వైపు చెయ్యి చూపించారు. రైలు వంతెన కింద ఇరుక్కున్న ట్రైలర్ ఫోటో. పైకప్పు రేకు చాపలా వెనక్కి చుట్టుకుపోయి ఉంది. "మా డ్రైవరు గారికి లోపల గాలి ఆడటం లేదట, టాపు తీయించుకున్నారు" అన్నారు. హాలు గొల్లుమంది.

నేనూ నవ్వాను. పక్కవాళ్లు నవ్వుతున్నారని కాదు, నిజంగానే నవ్వొచ్చింది. ఆ తర్వాత కుడివైపు చూశాను. భోజనాల బల్లల దగ్గర, వాలంటీరు బ్యాడ్జి పెట్టుకుని, పులిహోర ట్రే రెండు చేతులతో పట్టుకుని ఆ డ్రైవరే నిలబడి ఉన్నాడు. స్టేజి మెట్ల పక్కన కాళ్లకు గజ్జెలతో ఆయన కూతురు. ఫోటోలో ట్రక్కు ముందు బంపరుకు వేలాడుతున్న నిమ్మకాయల దండ కనిపిస్తూనే ఉంది. కిందటి ఏడు మన గుడి ముందు వాహన పూజ చేయించి ఆ దండ కట్టినప్పుడు ఆ పిల్ల దారం పట్టుకుంది. ఆమెకు ఆ ట్రక్కు ఎవరిదో ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు.

ఆయన పేరు రాయను. నేను పిలిచినట్టే అన్న అంటాను. ప్రకాశం జిల్లా మనిషి. అక్కగారి తరఫున గ్రీన్ కార్డు మీద వచ్చి, పన్నెండేళ్లు గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక రాత్రిళ్లు నిలబడి, నలభై దాటాక కమర్షియల్ లైసెన్సు తెచ్చుకున్నాడు. మన సంఘం డైరెక్టరీలో ఆయన వృత్తి "లాజిస్టిక్స్" అని ఉంటుంది. అలా రాయించింది ఆయన భార్య. తప్పు పట్టను. "చదువుకోకపోతే లారీ తోలుకుంటావు" అని మనందరి చెవుల్లోనూ పోసి పెంచారు. ఆ రోజు హాల్లో నవ్వింది సగం ఆ మాటే అని నా అనుమానం.

ఇక అసలు సంగతి. ఆ ట్రక్కుకు ఆ రోజు డిస్పాచర్‌ని నేను.

2023లో టెస్టింగ్ ఉద్యోగం పోయాక, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు కదా అని ఈ పనిలో చేరాను. బ్రోకర్ల దగ్గర లోడు వెతకడం, రేటు మాట్లాడటం, డ్రైవరుకు అప్పజెప్పడం, దిగిందాకా వెంటపడటం. ఈ పనికి లైసెన్సు అక్కర్లేదు, పరీక్ష లేదు. ట్రక్కు ఎక్కిన అనుభవం అసలే అక్కర్లేదు. నాకు ఒక ఫోను, రెండు మానిటర్లు, అన్నా అని పిలవగలిగే నోరు ఉన్నాయి. సరిపోయింది.

నిరుడు మార్చిలో రెండు చోట్ల దించాల్సిన లోడు. డబ్బాల్లో టమాటా గుజ్జు. మొదటిది ఒహైయోలో, రెండోది పెన్సిల్వేనియాలో సాయంత్రం 5 గంటలకు. అన్న ఉదయం 5కి బండి తీశాడు. ఒహైయో గోదాములో గంటలో దించుతామన్నవాళ్లు అయిదు గంటలు కూర్చోబెట్టారు. ఇక్కడి ఫెడరల్ నిబంధన తెలియనివారికి ఒక్క ముక్క: వరుసగా 10 గంటల విశ్రాంతి తర్వాత డ్యూటీ మొదలుపెడితే 14 గంటల్లో పని ముగియాలి, అందులో 11 గంటలకు మించి తోలకూడదు. సరుకు దించే డాక్ దగ్గర ఊరికే కూర్చున్నా ఆ 14 గంటలు మామూలుగా ఆగవు. ట్రక్కులో ఉండే ఈఎల్‌డీ అనే ఎలక్ట్రానిక్ లాగు పెట్టె అన్నీ రాసుకుంటూ ఉంటుంది. అంటే రాత్రి 7కి అన్న ఎక్కడున్నా ఆగిపోవాలి. మధ్యలో అరగంట విరామం వేరే.

బ్రోకరు నాకు పావుగంటకోసారి ఫోను. నేను అన్నకు అరగంటకోసారి ఫోను. ఊరి దగ్గరికి వచ్చేసరికి 4:20. అన్న దగ్గర ట్రక్కుల కోసమే చేసిన జీపీఎస్ ఉంది, అది ఊరి చుట్టూ తిప్పి తీసుకెళ్తోంది. నా ఫోనులో మ్యాపు మాత్రం ఊరి మధ్యలోంచి పద్దెనిమిది నిమిషాలు తక్కువ చూపించింది. కార్ల మ్యాపు అది. ఆ లొకేషన్ వాట్సాప్‌లో పంపాను. "అన్నా, ఇలా రా, టైముకి పడిపోతాం" అన్నాను.

అన్న సీటు వెనక ట్రక్కు డ్రైవర్ల అట్లాసు ఉంటుంది. తక్కువ ఎత్తు వంతెనల పట్టిక రాష్ట్రాలవారీగా ఉన్న పేజీలకు పసుపు కాగితాలు అంటించుకున్నాడు. "ఒకసారి ఆపి చూసుకుంటాను" అన్నాడు. "ఆపితే ఇంకేముంది" అన్నాను. ఈ రెండు మాటలూ నావే, మార్చకుండా రాస్తున్నాను.

4:41కి మళ్లీ ఫోను. ముందు రాతి రైలు వంతెన ఉందనీ, బోర్డు మీద 13 అడుగుల 3 అంగుళాలు రాసి ఉందనీ చెప్పాడు. ట్రైలర్ ఎత్తు 13 అడుగుల 6 అంగుళాలు. వెనక కార్లు బారు తీరాయి, హారన్లు నాకు వినిపిస్తున్నాయి. అక్కడ చేయాల్సింది ఒక్కటే. ఆపేసి, ఫ్లాషర్లు వేసి, పోలీసులను పిలవాలి. వాళ్లు వచ్చి కార్లను వెనక్కి పంపి, ట్రక్కును రివర్సులో బయటికి తీయిస్తారు. గంట పడుతుంది, పరువు కొంచెం పోతుంది, బహుశా జరిమానా పడుతుంది. అన్న చేద్దామన్నది అదే.

నేను ఏమన్నానో చెప్తాను. "బోర్డు మీద ఎప్పుడూ తక్కువే రాస్తారన్నా. కమాను వంతెన కదా, మధ్యలో ఎత్తు ఉంటుంది. మెల్లగా మధ్యలోంచి పోనీ. ఒక్కసారి నా మాట విను."

బోర్డు మీద కొంత తగ్గించి రాసే చోట్లు ఉన్న మాట నిజమే. ఎక్కడో చదివాను, అంతే. నాకు తెలియనిది ఇంకొకటి: సగం సరుకు దిగిపోయిన ట్రైలర్ స్ప్రింగుల మీద కొంచెం పైకి లేస్తుంది. నిండుగా ఉన్నప్పటి కంటే ఖాళీ అవుతున్నప్పుడే ఎత్తు. ఆ సంగతి అన్నకు తెలుసు, చెప్పబోయాడు కూడా. నేను వినలేదు.

ట్రైలర్ పైకప్పు అంటే పలచటి అల్యూమినియం రేకు. ఫోనులో ఆ చప్పుడు విన్నాను. పెద్ద చప్పుడేమీ కాదు, కొబ్బరి మట్ట చీల్చినట్టు ఉంది. తర్వాత అన్న గొంతు: "పోయింది తమ్ముడూ."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "లోడుకేమైంది?"

ట్రైలర్‌ను టో చేసి తీసుకెళ్లారు, అన్నకు టికెట్ ఇచ్చారు. ఆ రెండూ కలిస్తే నిబంధన ప్రకారం డ్రైవరుకు మద్యం పరీక్ష 8 గంటల్లో, మాదకద్రవ్యాల పరీక్ష 32 గంటల్లో చేయించాలి. గ్యాస్ స్టేషన్లో పన్నెండేళ్లు బీరు అమ్మి ఒక్క గుక్క తాగని మనిషి, రాత్రి పదింటికి ఎక్కడో క్లినిక్కులో పరీక్ష సీసాతో వరుసలో నిలబడ్డాడు. ఆ ప్రమాదం ఆయన రికార్డులో 5 ఏళ్లు ఉంటుంది. కొత్త ఉద్యోగానికి వెళితే ఏ కంపెనీ అయినా తెప్పించుకుని చూడవచ్చు. నా రికార్డులో ఏమీ లేదు. నాకసలు రికార్డే లేదు. ప్రమాదం ఫారం నింపింది నేనే. "కారణం" అనే గడిలో "డ్రైవరు నిర్దేశిత మార్గం పాటించలేదు" అని రాశాను.

డ్రైవరును బెదిరించి నిబంధన తప్పించడం ఇక్కడ నిషేధం. 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. బెదిరిస్తే 90 రోజుల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీకే కాదు, బ్రోకరుకూ సరుకు దించుకునేవారికీ కూడా వర్తిస్తుంది. చదివి చూసుకున్నాను, నా మీద అది పని చేయదు. నేను బెదిరించలేదు కదా. బతిమాలాను. బతిమాలడాన్ని ఏ చట్టమూ పట్టుకోలేదు. వేరే డిస్పాచర్ ఎవడో ఇంగ్లీషులో అలా చెప్పి ఉంటే అన్న ఫోను పెట్టేసి పోలీసులకు చేసేవాడు. నేను "అన్నా" అన్నాను గనక కాదనలేకపోయాడు. పని కావాలంటే అన్న, ఫారం నింపేటప్పుడు డ్రైవరు, మైకు ముందు డ్రైవరు గారు. ఒకే మనిషికి మూడు పిలుపులు.

మన ఊరి పద్ధతులే గొప్పవని చెప్పే అలవాటు నాకు లేదు. మా మేనమామ బెజవాడ ఆటోనగర్‌లో ఒక లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తా. అక్కడ జరిగిన అన్యాయాలు చిన్నప్పుడే చూశాను. రోజుకు 8 గంటలే పని అని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. ఆ సంగతి ఆ వీధిలో ఎవరికీ తెలియదు, తెలిసినవాడు పైకి చెప్పలేదు. క్లీనర్లను కొట్టేవారు. బత్తా కోసేవారు.

అయినా ఒక రాత్రి గుర్తుంది. గుంటూరు నుంచి మిర్చి బస్తాలతో కలకత్తా వెళ్తున్న లారీ ఇచ్ఛాపురం దాటాక పక్కకు ఒరిగిందని ఎస్టీడీ బూత్ నుంచి ఫోను. మామయ్య లేచి నిలబడ్డాడు. "మనుషులు ఎట్లా ఉన్నారు?" అన్నాడు. డ్రైవరు ఏదో సరుకు గురించి చెప్పబోతుంటే, "సరుకు సంగతి తర్వాత, క్లీనరు కుర్రాడికి ఫోనివ్వు" అన్నాడు. ఆ కుర్రాడి గొంతు విన్నాకే కూర్చున్నాడు. కూర్చున్నాక తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తెల్లవారి వేరే లారీలో డబ్బు పంపాడు. షావుకారు వచ్చి నిలదీస్తే, "రాత్రి ఆగుతానన్నాడు, నేనే వద్దన్నాను" అని చెప్పాడు. నెలాఖరున ఆ డ్రైవరు బత్తాలో కోత పడింది, దాన్ని ఆపలేకపోయాడు. జీవితంలో ఎవరినీ అన్నా అని పిలవని మనిషి, అందరినీ ఒరేయ్ అనేవాడు. ఇదంతా నేను కావలసినదానికంటే మెత్తగా రాస్తున్నానేమో, మామయ్య లేడు గనక.

రెండో పక్షం కూడా చెప్పాలి. డ్రైవర్లు తక్కువ తినలేదు. తెర మీద ట్రక్కు ఉన్నచోటు చూపే చుక్క అరవై మైళ్ల దూరంలో కనిపిస్తుండగా "పది నిమిషాల్లో ఉంటాను" అనేవాళ్లను రోజూ చూస్తాను. ఫోను ఆపేసి పడుకున్నవాళ్లు, చెప్పకుండా స్నేహితుడి ఇంటికి మళ్లినవాళ్లు ఉన్నారు. మా యజమాని మంచివాడు. అన్నను పనిలోంచి తీసేయలేదు, తీసేసేవాళ్లే ఎక్కువ. ఇన్సూరెన్సు పెరిగితే ఆయనకు నిద్ర పట్టదు, పన్నెండు ట్రక్కులకూ అప్పులున్నాయి. ఆదివారం తెలుగు తరగతుల అద్దె ఏళ్లుగా ఆయనే కడుతున్నారు. ఆ ఫోటో చూపించినప్పుడు మనసులో ద్వేషం లేదని ప్రమాణం చేసి చెప్పగలను. హైదరాబాదులో కూర్చుని ఇక్కడి ట్రక్కులు నడిపించే కుర్రాళ్ల మీదా నాకు కోపం లేదు. ఇక్కడ వేసవిలో పొద్దున 8 అయితే వాళ్లకు సాయంత్రం ఆరున్నర. రాత్రంతా ఇంగ్లీషు పేర్లతో మాట్లాడి తెల్లారి పడుకుంటారు. వాళ్లలో చాలామంది నాలాగే వంతెన చూడకుండా వంతెన గురించి చెబుతారు. వాళ్లకు నేర్పేవాళ్లెవరు?

ఇన్ని చెప్పి తక్కెడ సమానంగా పెట్టాలని కూర్చున్నాను గానీ, పులిహోర ట్రే పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి కళ్ల ముందు నుంచి పోవడం లేదు. కార్యవర్గాన్ని నేను అడిగేది చిన్నది. సంబరాల వీడియో సంఘం పేజీలో పెట్టారు. అందులో ఆ ఫోటో ఉన్న భాగం తీసేయండి. సంక్రాంతికి స్పాన్సర్ల సన్మానం తర్వాత నాకు మూడు నిమిషాలు ఇవ్వండి. శాలువా వద్దు. ఆ రోజు ఫోనులో నేనేమన్నానో నవ్విన హాలుకే చెప్పాలి. భోజనాలు ఆలస్యమవుతాయంటే, స్వాగతోపన్యాసాల్లోంచి ఒక్కటి తగ్గించండి, ఎవరూ బాధపడరు.

ఈ పనిలో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. రోడ్డు మీద నుంచి అలాంటి ఫోను వస్తే నోరు మూసుకుని వినండి. తర్వాత "నీకేమైనా దెబ్బ తగిలిందా?" అని అడగండి. దారి చెప్పకండి. ఆగుతానంటే ఆగనివ్వండి. నేను ఈ నాలుగు వాక్యాలు కాగితం మీద రాసి మానిటర్ కింద అంటించుకున్నాను. అయినా పోయిన వారం ఒకడిని తొందరపెట్టాను. అతను నా మాట వినలేదు, బతికిపోయాను.

సరిదిద్దిన ఫారం యజమానికి పంపి పది రోజులైంది. చూశారు. జవాబు లేదు.

ఇది రాసేముందు అన్నకు ఫోను చేసి అనుమతి అడిగాను. అర్కాన్సాలో ఎక్కడో పెట్రోలు బంకులో పార్కింగు దొరక్క తిరుగుతున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"రాయి" అన్నాడు చివరికి. "వంతెన ఎత్తు మాత్రం సరిగ్గా రాయి తమ్ముడూ. 13 అడుగుల 3 అంగుళాలు. నువ్వు నింపిన ఫారంలో 12 అని ఉంది. అది చూసినవాడెవడైనా, వీడికి కళ్లు లేవా అనుకుంటాడు."