సవరణ: నేకెడ్ బైకుల ధరను హార్స్‌పవర్‌తో భాగించడం గురించి

నేకెడ్ బైకును (గాలిని మళ్లించే ముందు తొడుగు, అంటే ఫెయిరింగ్, లేని బైకును) ఎంచుకునేటప్పుడు ధరను హార్స్‌పవర్‌తో భాగించి చూస్తే చాలునని ఇంతకుముందు రాశాను; అది సరికాదు. హార్స్‌పవర్ అంకె చూపే గరిష్ఠ శక్తి ఇంజన్ చాలా వేగంగా తిరిగేటప్పుడే అందుతుంది. ఉదాహరణకు 2021 నాటి యమహా ఎంటీ-07లో అది 8,750 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) వద్ద వస్తే, గరిష్ఠ టార్క్ (ఇంజన్ తిప్పే బలం) 6,500 వద్దే వస్తుంది. రోజువారీ ప్రయాణంలో అక్కరకు వచ్చేది ఇలా తక్కువ ఆర్‌పీఎంల వద్ద దొరికే టార్కే. పైగా గాలి నిరోధం వేగపు వర్గానికి (స్క్వేర్‌కు) అనులోమంగా పెరుగుతూ, ఫెయిరింగ్ లేని బండిపై నేరుగా ఛాతీకి తగులుతుంది కనుక, అధిక వేగం కోసం చెల్లించే అదనపు సొమ్ము (ట్రాక్ మీదకు వెళ్లేవారి సంగతి వేరు) చాలావరకు వాడకంలోకి రాదు. ఆ సొమ్మును సస్పెన్షన్‌పై, బ్రేకులపై వెచ్చించిన బండి, కాగితం మీద వెనకబడినా, నా దృష్టిలో మెరుగైనది. ఇక బరువును నేను అసలు లెక్కలోకే తీసుకోలేదు. అది మరో పొరపాటు.