నానమ్మ కాణీలు

(గుంటూరు, బ్రాడీపేట. మధ్యాహ్నం మూడు గంటలు. వంటింటి గట్టు మీద పాత పేపరు పరుచుకుని, దాని మీద నానమ్మ రాగి నాణేలు పెట్టుకుని, భూతద్దంతో తమ్ముడు. పొయ్యి మీద టీ. చింతపండు ముద్దతో అక్క.)

అక్క: ఒరేయ్, కాస్త జరుగు. చెంబు తోమినట్టు తోమేస్తాను, తళతళలాడిపోతాయి.

తమ్ముడు: దండం పెడతానక్కా, ఆ చింతపండు చారులో వేసుకో. ఇది 1835 నాటి కాణీ, అంటే పావు అణా, ఈస్టిండియా కంపెనీది. ఈ గోధుమ రంగు మురికి కాదు. ఇన్నేళ్ళూ గాలి తగిలి రాగి తనంతట తాను కట్టుకున్న పొర. అది పోతే కొనేవాడు మొహం కూడా చూడడు.

అక్క: కొనేవాడెవరైనా వచ్చాడా?

తమ్ముడు: వస్తే!

అక్క: ఏళ్ళ తరబడి ఒళ్ళు రుద్దుకోకపోతే దానికి పొర అని పేరు. చిన్నప్పుడు నీ మెడ మీదా ఉండేది ఆ పొర. అమ్మ పీచు పెట్టి వదిలించింది.

తమ్ముడు: చింతపండు పులుపు పొరతో ఆగదు, రాగినీ తింటుంది. పోయిన దసరాకి నువ్వు తోమిన అర్ధణా చూడు, గుండు కొట్టించుకున్న పెళ్ళికొడుకులా ఉంది.

అక్క: మరి దీని మీద ఈ పచ్చటి చిలుమో? అదీ పొరేనా?

తమ్ముడు: అక్కడే ఉంది అసలు కేసు. పుల్లతో గీకితే పొడిపొడిగా రాలి, మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది రాగికి పట్టిన జబ్బు. ఉప్పూ తేమా కలిసి లోపల్నించి తినేస్తుంటాయి. అలా కాకుండా మైనంలా సాగితే బయట నుంచి అంటుకున్నది. (టూత్‌పిక్‌తో గీకి) చూశావా, సాగుతోంది!

అక్క: ఆవకాయ నూనేమో.

తమ్ముడు: కాదు, పీవీసీ! ఆ ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి నూనెలాంటిదేదో కలుపుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది చెమర్చి నాణేనికి పట్టేస్తుంది. పైగా ప్లాస్టిక్ పాడయ్యేటప్పుడు ఆమ్లం వదులుతుంది, దాంతో రాగి పచ్చబడుతుంది. ఏ బుద్ధిలేనివాడో నానమ్మ కాణీల్ని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టాడు!

(అక్క లోపలికి వెళ్ళి, నాణేలు పెట్టుకునే ప్లాస్టిక్ సంచుల ఆల్బం ఒకటి తెచ్చి ఎదురుగా పడేసింది.)

అక్క: నాన్న సంవత్సరీకానికి వచ్చి, "చెక్క పెట్టెలో ఏంటక్కా, పాడైపోతాయి" అని ఇది కొని తెచ్చిన బుద్ధిలేనివాడు ఎవరో?

(తమ్ముడు చాలాసేపు భూతద్దం తుడుచుకున్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.)

తమ్ముడు: ...గాజు గిన్నె ఇవ్వు. ప్లాస్టిక్‌ది వద్దు, కరిగినా కరుగుతుంది. అసిటోన్ పోస్తాను.

అక్క: ఛీ, మనవరాలి గోళ్ళరంగు తుడిచేదాని వాసన! అదే తేనా? సగం సీసా ఉంది.

తమ్ముడు: వద్దు! అందులో సెంటూ రంగూ కలుపుతారు, అవి మళ్ళీ దీనికి అంటుకుంటాయి. ఇది అచ్చమైనది. కిటికీ తెరువు, పొయ్యి కట్టెయ్. ఆవిరి తగిలినా భగ్గుమంటుంది.

అక్క: టీ పొంగుకొచ్చే టైముకి పొయ్యి కట్టాలా? కాణీకి కొరగాని కాణీ కోసం!

(అని కట్టేసింది. తిట్టుకుంటూ కిటికీ కూడా తెరిచింది. కాసేపయ్యాక గిన్నెలో ద్రవం లేతపచ్చగా మారింది. కాణీ బయటికి తీయగానే అక్క కొంగుతో రుద్దబోయింది.)

తమ్ముడు: రుద్దకు, గీతలు పడతాయి! అలా పెట్టు, అదే ఆరిపోతుంది.

అక్క: పచ్చ పోయిందిరా! గోధుమ రంగు అలాగే ఉంది. ఇక్కడీ గుంట ఏంటి?

తమ్ముడు: ఆమ్లం తిన్నచోటు. అది ఇక పూడదు.

అక్క: అంటే నా చింతపండూ తింటుంది, నీ ఆల్బమూ తింటుంది.

తమ్ముడు: ...ఆ ఆల్బం చెత్తబుట్టలో పడెయ్యక్కా.

అక్క: ఎందుకు పడేస్తాను? రేషన్ కార్డు పెట్టుకుంటాను. అదేమీ రాగిది కాదుగా. ముందు ఆ గిన్నె ఎత్తు, టీ పెట్టాలి.