కంపెనీ పేరులో కూతురుంది, కంపెనీలో లేదు

జోయా అఖ్తర్ సినిమా ‘దిల్ ధడక్‌నే దో’ 2015 జూన్‌లో వచ్చినప్పుడు, డబ్బున్నవాళ్ల విహారయాత్రను దాదాపు మూడు గంటలు చూడాలా అని విసుక్కున్నవాళ్లున్నారు. టర్కీ, గ్రీస్ వైపు తిరిగే క్రూజ్ ఓడ, ఖరీదైన బట్టలు, పైగా ఆమిర్ ఖాన్ గొంతుతో కథ చెప్పే పెంపుడు కుక్క. ఆ కుక్క వ్యాఖ్యానం నాకూ కాస్త ఎక్కువే అనిపిస్తుంది. ఆ హంగామా పక్కన పెడితే, వ్యాపార కుటుంబంలో వారసుణ్ని ఎలా ఖాయం చేస్తారో ఇంత సూటిగా చూపించిన హిందీ సినిమాలు తక్కువే.

ఢిల్లీ పారిశ్రామికవేత్త కమల్ మెహ్రా (అనిల్ కపూర్) కిందినుంచి పైకొచ్చిన మనిషి. కంపెనీ పేరు ‘ఆయ్‌కా’. కూతురు ఆయేషా, కొడుకు కబీర్ పేర్లు కలిపి పెట్టింది. ఇప్పుడా కంపెనీ దివాలా అంచున ఉంది. ముప్పయ్యో పెళ్లిరోజు పేరుతో అందర్నీ ఓడెక్కించి, అక్కడే కొడుకుకి మరో వ్యాపారవేత్త లలిత్ సూద్ కూతురితో సంబంధం కలిపితే పెట్టుబడి కూడా వస్తుందన్నది ఆయన లెక్క. కబీర్‌కి వ్యాపారం పట్టదు, విమానం నడపడమే ఇష్టం. ఆయేషా మాత్రం సొంతంగా ట్రావెల్ కంపెనీ పెట్టి నెగ్గుకొచ్చింది. అయినా తండ్రి దృష్టిలో ఆమె వేరే ఇంటి మనిషి. పార్టీ ఆహ్వానంలో ఆమె పేరే ఉండదు, పెళ్లయిపోయింది కదా మరి. ‘నేనే ఆయేషాని పని చేసుకోనిచ్చాను’ అని భర్త గొప్పగా చెప్పుకుంటే, అనుమతి ఇవ్వడానికి నువ్వెవరివని ఫర్హాన్ అఖ్తర్ పాత్ర నిలదీస్తుంది. ఆ సీన్‌కి చప్పట్లు పడ్డాయి. నాకు మాత్రం ఆహ్వానపత్రమే ఎక్కువ గుచ్చుకుంది. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు, దాన్ని తప్పనీ అనుకోరు.

చట్టం సంగతేంటి? ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్ దేశం కన్నా ముందే కదిలింది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతోనే వాటా ఇచ్చింది. అయితే 1985 సెప్టెంబర్ 5 నాటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించదు. పెళ్లి అనే ఆ అడ్డుగోడను తీసేసింది 2005 కేంద్ర సవరణ. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలా లాంటి మిగిలిన సందేహాలు కూడా తీర్చింది. ఇంత చేసినా కమల్ మెహ్రా లాంటివాళ్లకు ఇవేవీ తగలవు. అవన్నీ ఉమ్మడి ఆస్తికి సంబంధించినవి. సొంతంగా సంపాదించినదాన్ని ఎవరికి రాయాలో తండ్రి ఇష్టం. వీలునామా లేకపోతేనే కూతురికి సమాన భాగం. ఆస్తిలో భాగం వచ్చినా కంపెనీ పగ్గాలు చేతికొస్తాయనేం లేదు. ‘కట్నం ఇచ్చాం కదా, దాని వాటా అప్పుడే అయిపోయింది’ అనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది.

అపోలో హాస్పిటల్స్‌ను ప్రతాప్ రెడ్డి గారి నలుగురు కూతుళ్లు నడిపిస్తున్నారు కదా అనొచ్చు. నిజమే. కానీ ఆయనకు కొడుకుల్లేరు. కొడుకూ కూతురూ ఇద్దరూ ఉన్న ఇంట్లోనే అసలు పరీక్ష. స్టాక్ మార్కెట్‌లో నమోదైన (లిస్టెడ్) కంపెనీల బోర్డుల్లో కనీసం ఒక మహిళ ఉండాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన గడువు ఈ సినిమా రావడానికి రెండు నెలల ముందే, 2015 ఏప్రిల్ 1న ముగిసింది. అప్పుడు చాలా కంపెనీలు ప్రమోటర్ల (కంపెనీని పెట్టి నడిపించే యజమానుల) భార్యల్ని, బంధువుల్ని తెచ్చి కూర్చోబెట్టాయి. కుర్చీ దొరికింది, అధికారం మాత్రం ఎక్కడిదక్కడే.

సినిమాలో అందరికన్నా బలంగా నిలిచేది తల్లి నీలమ్. మొగుడి సరసాలు చూసి కూడా నోరెత్తలేక, గదిలో అద్దం ముందు కేకు నోట్లో కుక్కుకునే దృశ్యంలో షెఫాలీ షా ఒక్క మాటా మాట్లాడదు. కూతురు విడాకులు అడగగలిగింది తన సంపాదన తనకుంది కాబట్టి. తల్లికి ఆ దారి లేదు. ఈ తేడాను జోయా ఎక్కడా ఉపన్యాసంగా చెప్పించదు.

ముగింపు దగ్గరే నాకు పేచీ. కొడుకు సముద్రంలోకి దూకడం, వెనకే కుటుంబమంతా లైఫ్‌బోట్ ఎక్కడం, కాసేపట్లో అందరి మనసులూ కలిసిపోవడం... మూడు గంటలు ఓపిగ్గా విప్పిన చిక్కుకి ఇది మరీ చవక పరిష్కారం. ప్రేమలు తేలాయి, విడాకుల సంగతీ తేలింది. ఆయ్‌కా పగ్గాలు ఎవరికన్నది మాత్రం రచయితలు రాయలేదు. తండ్రి కూతుర్ని దగ్గరికి తీసుకునే సీన్ కన్నా, ఆమెను ఎండీగా ప్రతిపాదించే బోర్డు మీటింగ్ రాయడమే కష్టం.