శాలువా సరే, మాత్రల మాటేమిటి?

అక్టోబరు 12 ప్రపంచ ఆర్థరైటిస్ దినం. విశాఖ సాగర తీరాన ఉదయపు నడక, ఒక ఉచిత శిబిరం, సాయంత్రం సభలో కోవిడ్ కాలంలో వాతరోగులను ఆదుకున్న రోగుల సంఘాల వారికి శాలువాలు కప్పడం ఇలాంటి రోజులకు మామూలు తంతుగా మారిపోయింది. ఆ సంఘాల సేవను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే వాతరోగులకు అంత అగచాట్లు ఎవరి నిర్వాకం వల్ల వచ్చిపడ్డాయో, మళ్లీ రాకుండా ఏం చేశారో ఒక్క ముక్క చెప్పకుండా పెద్దలు వేదిక దిగిపోవడమే మాకు మింగుడుపడడం లేదు.

2020 మార్చి సంగతులు పాఠకులు మరచిపోయి ఉండరు. హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాను అడ్డుకుంటుందన్న మాట అమెరికా అధ్యక్షుడి నోట పడి ఊరూరా పాకింది. కోవిడ్ విధుల్లో ఉన్న వైద్య సిబ్బంది ముందుజాగ్రత్తగా దానిని వాడవచ్చని భారత వైద్య పరిశోధన మండలి సూచన 23న వెలువడింది. 25న లాక్‌డౌన్ మొదలైంది. 26న ఆ మందును షెడ్యూల్ హెచ్‌1 నిబంధనల కిందికి తెచ్చి, డాక్టరు చీటీ చూపనిదే అమ్మరాదని ఆంక్ష పెట్టారు. సొంత రోగనిరోధక శక్తే ఒంటిని దెబ్బతీసే లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉన్నవారు ఏళ్ల తరబడి రోజూ వేసుకునే మాత్ర అది. దుకాణాల్లో అది ఖాళీ అయింది. ఉన్నచోట కొత్త చీటీ అడిగారు. ఆ చీటీ రాయవలసిన డాక్టరు విశాఖలో, రోగి శ్రీకాకుళంలోనో పాడేరులోనో, ఆర్టీసీ బస్సులేమో మే 21 దాకా డిపోల్లో.

అప్పుడు దిక్కయింది రోగుల సంఘాలు, వాటి వాట్సాప్ గ్రూపులు. నాలుగు రోజులకే మాత్రలున్నాయన్న సందేశం పడగానే, తన దగ్గర నెలకు సరిపడా ఉన్న మరో రోగి స్ట్రిప్‌ను కత్తెరతో సగానికి కత్తిరించి కవరులో పెట్టి పంపడం సర్కారు పథకం కాదు. కీళ్లు బిగుసుకుపోయి పొద్దున్నే దువ్వెన పట్టుకోలేని వేళ్లు ఆ కవర్లు అంటించాయి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిని కరోనా వదలదన్న పుకారు నమ్మి మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా మానేయబోయిన వారికి, అలా మానితే జబ్బు తిరగబెడుతుందని, స్టెరాయిడ్లయితే ప్రాణం మీదికే రావచ్చని వాతవ్యాధి నిపుణుల చేత ఆన్‌లైన్‌లో చెప్పించింది కూడా ఈ సంఘాలే. డాక్టర్లూ రోగులూ కలిసి అదే మార్చిలో ప్రపంచ స్థాయిలో ఏర్పాటు చేసుకున్న కోవిడ్-19 గ్లోబల్ రుమటాలజీ అలయన్స్ 40 దేశాల నుంచి 600 కేసుల వివరాలు సేకరించి, హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నంత మాత్రాన ఆసుపత్రిలో చేరే ముప్పు తగ్గలేదని కొద్ది వారాల్లోనే తేల్చింది. బ్రిటన్‌లో కోవిడ్ మందుల మీద జరిగిన ‘రికవరీ’ అనే పరీక్ష జూన్ 5న ఆ మందుతో కోవిడ్ రోగులకు మేలు లేదని ప్రకటించింది. ఎవరికీ అక్కరకు రాని పని కోసం, అక్కరకు వస్తున్న వారి నోటికాడి మాత్రను లాక్కున్నామన్నమాట.

అప్పటికి ఎవరికీ ఏమీ తెలియదనీ, వైద్య సిబ్బందిని కాపాడుకోవడం తప్పనిసరి అనీ, హెచ్‌1 ఆంక్ష దొంగ నిల్వలను ఆపడానికేననీ అధికారులు అంటారు. ఆ మాటల్లో కొంత నిజం ఉంది. కానీ పాత రోగికి పాత చీటీ మీదే మూడు నెలల మందు ఇవ్వాలన్న ఒక్క వాక్యం ఆ ఉత్తర్వు వెంట రాయడానికి ఏ పరిశోధనా అక్కరలేదు. ఈ మందు ఒంట్లో వారాల తరబడి నిలిచి ఉంటుంది కాబట్టి మానేసిన నష్టం ఆ రోజే కనబడదు. నెలో రెండు నెలలో గడిచాక లూపస్ తిరగబెట్టి మూత్రపిండాలు దెబ్బతిన్న మహిళ ఏ కోవిడ్ బులెటిన్‌లోనూ లెక్కకు రాదు. లెక్కకు రాని నష్టానికి జవాబు చెప్పవలసిన వాడూ ఉండడు.

మా భయమల్లా ఒక్కటే: ఒకసారి చెల్లిపోయింది ఆనవాయితీ అవుతుంది. ఏడాది తిరగకుండానే అయింది కూడా. 2021 కోవిడ్ రెండో విడతలో టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ కోసం దేశమంతా ఎగబడింది. అది అంతకుముందు నుంచీ కీళ్లవాతానికి వాడుతున్న మందు. కేంద్రం దానిని రాష్ట్రాలకు కోటాలు వేసి పంచుతుంటే పాత రోగి మళ్లీ వరస చివరన నిలబడ్డాడు. టీకాల్లోనూ అదే తంతు. ఆ మార్చి 1న 45 ఏళ్లు దాటినవారికి ప్రకటించిన 20 జబ్బుల జాబితాలో దీర్ఘకాలం స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిని చేర్చారు, సంతోషం. కానీ లూపస్ వచ్చేది ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ల లోపు ఆడవారికి. జాబితాలో జబ్బు ఉంది, జబ్బు ఉన్న మనిషి లేదు. వారి వంతు రావడానికి మే 1 దాకా ఆగవలసి వచ్చింది. 2022 జనవరిలో ముందుజాగ్రత్త డోసు మొదలుపెట్టినప్పుడూ వైద్య, ఫ్రంట్‌లైన్ సిబ్బందికీ, జబ్బులున్న 60 ఏళ్లు పైబడినవారికీ ఇచ్చి వీరిని మళ్లీ మరచిపోయారు. మొదటిసారి పొరపాటు అనుకున్నాం. ఇన్నిసార్లు జరిగాక దానిని పొరపాటు అనడం మర్యాద కోసమే.

ఉత్తరాంధ్ర జిల్లాల వాతరోగులకు విశాఖ నగరమే పెద్దాసుపత్రి. రేపు మరో వ్యాధి వచ్చి మరో మందు కోసం జనం ఎగబడితే, ఆ మందు మీదే బతుకుతున్నవారి వాటా ముందు పక్కన పెట్టాకే తక్కినవారికి పంచాలని జిల్లా విపత్తు ప్రణాళికలో రాసి ఉండాలి. ఆ ప్రణాళిక రాసే బల్ల దగ్గర రోగుల సంఘానికి ఒక కుర్చీ వేయాలి. ఇందులో ఖర్చు ఏముంది? ఒక కాగితం, ఒక సంతకం. అదీ చేయలేని పెద్దలు ఈసారి సభకు శాలువా పట్టుకుని రావద్దు. 2020లో స్ట్రిప్‌ను సగానికి కత్తిరించి పంపిన మనిషి మీ ఎదుటి వరసలోనే కూర్చుని ఉంటారు. ఆమె కళ్లలోకి చూసి ఏం చెబుతారు?