ఆతిథ్యమా, పెత్తనమా?

వియత్నాం రాజధాని హనోయ్‌లో 2022లో ఆగ్నేయాసియా క్రీడలు జరిగాయి. ఆతిథ్యమిచ్చిన వియత్నాం 205 స్వర్ణాలు మూటగట్టుకుంది. మై దిన్ కొలనులో ఈత పోటీలు జరిగాయి. పాదాలకు చేప రెక్కల్లాంటివి తొడుక్కుని ఈదే ఫిన్ స్విమ్మింగ్‌కూ చోటు దొరికింది. అందులో ఎక్కువ స్వర్ణాలు ఎవరివో వేరే చెప్పాలా? నీళ్లలో ఈదుతూ బంతిని గోల్‌లోకి విసిరే వాటర్ పోలోకు మాత్రం చోటు లేకపోయింది.

ఈ వేటు ఎవరి మీద పడిందో చూస్తే ఒళ్లు మండుతుంది. సింగపూర్ స్వతంత్ర దేశమైంది 1965 ఆగస్టులో. ఆ డిసెంబరులోనే కౌలాలంపూర్ క్రీడల్లో దాని వాటర్ పోలో జట్టు స్వర్ణం గెలిచింది. 2017 దాకా వరసగా 27 సార్లు ఆ స్వర్ణాన్ని మరొకరికి దక్కనివ్వలేదు. అంతకుముందూ వాళ్లేం తక్కువ తినలేదు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మనకు స్వర్ణం, వాళ్లకు రజతం. 1954లో మనీలాలో వాళ్లదే స్వర్ణం. (ఆ ఢిల్లీ స్వర్ణం మనకు గుర్తుందా అన్నది వేరే సంగతి.)

2019లో ఫిలిప్పీన్స్‌లో ఆ పరంపర తెగింది. ఇండోనేసియా స్వర్ణం ఎగరేసుకుపోయింది, సింగపూర్ కాంస్యంతో సరిపెట్టుకుంది. ఓడినవాడు మళ్లీ తలపడాలి, గెలిచినవాడు నిలబెట్టుకోవాలి. హనోయ్ ఆ రెండు అవకాశాలూ లాగేసుకుంది. సింగపూర్ కుర్రాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండాక రెండేళ్లు సైనిక సేవ తప్పదు. ఆపైన చదువులు, ఉద్యోగాలు. వాటి మధ్యే ప్రాక్టీసు. కాలు నేలకు ఆనకూడదు, గోలీ తప్ప ఎవరూ రెండు చేతులతో బంతి పట్టకూడదు, నీళ్ల కింద ఎవడో నడుం పట్టి లాగుతూనే ఉంటాడు. ఎనిమిదేసి నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు! ఒక్క పోటీ ఎగిరిపోతే కొందరి కెరీరే ముగిసిపోతుంది.

ఈ ఆట ఆడే దేశాలు అక్కడ కొద్దే, కోవిడ్ వేళ ఖర్చు తగ్గించుకోవద్దా అనేవారున్నారు. 40 క్రీడలు పెట్టినవారికి ఇదొక్కటే బరువైందా?

మా భయమంతా ఈ ఆనవాయితీ గురించే. సింగపూర్ కూడా సుద్దపూసేం కాదు. 2015లో తన గడ్డపై వెయిట్‌లిఫ్టింగ్‌కు చోటివ్వలేదు, హాకీలాంటి ఇండోర్ ఆట ఫ్లోర్‌బాల్‌ను చేర్చింది, అందులో పురుషుల, మహిళల స్వర్ణాలు రెండూ తానే పట్టుకుపోయింది. నాడు మీరు చేస్తే ఒప్పు, నేడు మేం చేస్తే తప్పా అని హనోయ్ అడిగితే నోరెత్తగలదా? 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల జాబితాలో షూటింగ్ లేదని తెలిసి మనమూ బహిష్కరిస్తామన్నాం. 2010లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ నాలుగు స్వర్ణాలు తెచ్చిన ఆట అది. చివరికి ఆతిథ్య నగరం మాటే నెగ్గింది. ఒకరు చేశారని ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. ఆనవాయితీ అంటే ఇదే.

ఆ మరుసటి ఏడాది, 2023లో, కంబోడియా వంతు వచ్చింది. ఏ ఆతిథ్య దేశమైనా ఈ దారే పడితే ఆపే ముఖం ఎవరికుంది? ఒలింపిక్ క్రీడను నాలుగు దేశాలు ఆడతామంటే తీసేయడానికి వీల్లేదని రూలు రాయడానికి ఆగ్నేయాసియా క్రీడల సమాఖ్యకు ఎంతసేపు పడుతుంది? అదీ చేతకాకపోతే పతకాల పట్టికను ప్రారంభోత్సవం రోజే అచ్చేసి పంచిపెట్టండి. మిగతా దేశాలకు విమానం టికెట్ల ఖర్చయినా మిగులుతుంది.